డీఫార్మసీ తర్వాత మెడికల్ షాపా, జైలు ఆసుపత్రా?

డీఫార్మసీ అయింది, ఫార్మసీ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ కూడా చేతికొచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ షాపులో చేరాలా, చంచల్‌గూడ, చర్లపల్లి లాంటి సెంట్రల్ జైలు ఆసుపత్రిలోనా? జైలు అనగానే ఇంట్లోవాళ్లు వద్దంటారు. నేను మాత్రం పని నేర్చుకోవాలంటే జైలే మేలంటాను.

షాపులో రకరకాల బ్రాండ్లు తెలుస్తాయి. స్టాకు, ఎక్స్‌పైరీ, హోల్‌సేల్ లెక్కలు వస్తాయి. రేపు సొంత షాపు పెట్టుకునేవాళ్లకు అవి కావాల్సిందే. కానీ “అన్నా, మొన్నటి ఎర్ర గోలీ ఇవ్వు” అనేవాళ్లను డాక్టరు చీటీ అడిగితే పక్క షాపుకు పోతారు, ఓనరు ముఖం మాడ్చుకుంటాడు. అమ్మిన మందు ఆ మనిషి వేసుకున్నాడో లేదో ఎప్పటికీ తెలియదు.

జైల్లో అలా కాదు. ఆల్ప్రాజోలం లాంటి, ఆందోళన తగ్గించి మత్తునిచ్చే గోలీలు స్ట్రిప్పుగా చేతికివ్వకూడదు. ఒక్క డోసు ఇచ్చి, మీ ముందే నీళ్లతో మింగించి, నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూడాలి. దాచిన గోలీలు లోపల అమ్ముడుపోతాయి, లేదా ఎవరో ఒక రాత్రి అన్నీ కలిపి మింగేస్తారు.

ఇంకొకటి, మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, అలాంటిదే డయాజెపామ్ కలుపుతారు. దానికి అలవాటుపడినవాళ్లు లోపలికొచ్చి కల్లు ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా రావచ్చు. నటిస్తున్నాడని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ వణుకు ముందు కనిపించేది మందులిచ్చే కిటికీ దగ్గరే. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

టీబీ కోర్సు మామూలుగా 6 నెలలు. మధ్యలో బెయిలొస్తే సంతోషంలో మందులు మర్చిపోయి వెళ్లిపోతారు. కొన్ని రోజుల మందులు చేతికిచ్చి, వాళ్ల ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టాలి. లేకపోతే మందులకు లొంగని టీబీ ఇంటిల్లిపాదికీ అంటుకోవచ్చు.

కష్టం లేదనను. ఫోన్ గేటు దగ్గరే వదిలేయాలి. “ఒక్క గోలీ ఎక్కువివ్వండి సార్” అని రోజూ బతిమాలతారు. ఒకరికి ఇచ్చారా, రేపు పదిమంది నిలబడతారు. ఏ కేసులో వచ్చాడని అడక్కండి, తెలిస్తే చెయ్యి వెనకాడుతుంది.

చేరేముందు కాంట్రాక్టా, రెగ్యులరా అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు రాత్రిపూట మందుల బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అడగండి. తాళం ఇంకొకరి చేతిలో, రిజిస్టరులో సంతకం మీది అయితే మాత్రం చేరకండి.