ఫేడ్ అవుటా, స్టూడియో ఫేడా, ఎన్వలపా: ఏది మేలు?

అమ్మమ్మ కబుర్లు ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించి, ఇంటి గ్రూపులో పెట్టాను. చివర టక్కున ఆగిపోతే బాగోదని, ధ్వని మెల్లగా తగ్గి ఆగేలా 3 సెకన్ల ఫేడ్ అవుట్ వేశాను. సాయంత్రానికల్లా పెద్దమామయ్య ఫోన్: "ఏరా, మీ తాతయ్య ఆ పొలం అమ్మేశాడని ఎవర్రా చెప్పింది?" అమ్మమ్మ అన్నది "ఆ పొలం మాత్రం ఆయన అమ్మలేదు" అని. చివరి "లేదు"ను ఫేడ్ మింగేసింది.

తెలుగుతో ఉన్న చిక్కే ఇది. ఔనో కాదో తేలేది వాక్యం చివర. పైగా అక్కడికొచ్చేసరికి గొంతు ఎలాగూ తగ్గుతుంది. దానిమీద ఫేడ్ కూడా పడితే ఇక చెప్పేదేముంది!

మామూలు ఫేడ్ అవుట్ సరళరేఖలా దిగుతుంది. సగం దూరం వెళ్ళేసరికి తగ్గేది 6 డెసిబెల్సే, ముప్పావు దగ్గర 12. చెవికి "ఇంకా వినబడుతోందిగా" అనిపిస్తూనే ఉండి, ఆఖర్న ఒక్కసారిగా మాయమవుతుంది. మాట అయ్యాక మిగిలిన ఫ్యాను హోరును ఒక సెకనులో దించడానికి ఇది చాలు. అంతకుమించి నేను వాడను.

స్టూడియో ఫేడ్ అవుట్ తీరు వేరు. మెల్లగా మొదలై, మధ్యలో జారి, చివర మళ్ళీ మెల్లబడుతుంది. దాంతోపాటు కీచుగా ఉండే పై శ్రుతి శబ్దాలను ముందుగా కోసేస్తుంది కాబట్టి ధ్వని దూరంగా వెళ్ళిపోతున్నట్టుంటుంది. చప్పట్లకూ, భజన ముగింపుకూ భలే నప్పుతుంది. మాట మీద వేస్తే మాత్రం స, శ లాంటివి ముందే అరిగి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టవుతుంది.

మాటలకు నా ఓటు ఎన్వలప్‌కే, అంటే ధ్వని ఎక్కడ ఎంత ఉండాలో చేత్తో దిద్దుకునే పనిముట్టుకు. ఎఫ్2 నొక్కి, తరంగం మీద క్లిక్ చేస్తే చిన్న చుక్క పడుతుంది. "లేదు" అయిపోయాక ఒకటి, సెకనున్నర తర్వాత ఇంకొకటి పెట్టి, రెండోదాన్ని కిందికి లాగాను. అంతే. నచ్చకపోతే చుక్కను ట్రాక్ బయటికి లాగిపారేయొచ్చు. అసలు రికార్డింగు చెక్కుచెదరదు. ఫేడ్ ఎఫెక్టులైతే ధ్వనినే మార్చేస్తాయి. కంట్రోల్ జెడ్ ఉంది కదా అంటారేమో, ప్రాజెక్టు మూశాక ఆ చరిత్రంతా పోతుంది. వెనకాల తంబూర పెట్టినా ఎన్వలపే హాయి: అమ్మమ్మ మాట్లాడినంతసేపూ కిందికి, ఆగినప్పుడు కాస్త పైకి. ఓపిక కావాలి, నిజమే. అరగంట రికార్డింగుకు నాకు ఒక పూట పట్టింది.

రెండు పాటలు కలపాలంటే ఈ మూడూ కాదు, ఒకటి తగ్గుతుండగా రెండోది పెరిగేలా చేసే క్రాస్‌ఫేడ్ ట్రాక్స్. అందులో వేర్వేరు పాటలకు కాన్‌స్టెంట్ పవర్ ఎంచుకోండి, లేకపోతే అతుకు దగ్గర ధ్వని గుంటలో పడ్డట్టు తగ్గుతుంది. ఒకే తంబూర నాదాన్ని అతికేటప్పుడు కాన్‌స్టెంట్ గెయిన్ నయం.

దగ్గు తీసేసిన చోట "టిక్" మంటే అసలు పొడవాటి ఫేడ్ జోలికే పోవద్దు. కోసే ముందు జెడ్ నొక్కితే సెలెక్షన్ అంచులు తరంగం సున్నా గీతను దాటే చోటికి జరుగుతాయి. అప్పటికీ వినిపిస్తే అటూ ఇటూ 10 మిల్లీసెకన్ల ఫేడ్ సరిపోతుంది.