గుర్రాల డిగ్గర్ కొంటున్నారా? ముందు రంగు గీకి చూడండి

రాత్రి పదకొండయింది. చేతులకు గ్రీజు వదల్లేదు, కోపం అసలే వదల్లేదు. పొద్దున్నకి చల్లబడి మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నా.

పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ వైపు మేకల కోసం వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి ఆ పెద్దమనిషి తెలుసు. పాత ఇనుప సీట్లు కంచెకు వేలాడదీసి ఉంటాయే, ఆయనే. పేరు రాయను, అర్థమైనవాళ్ళకు అర్థమవుతుంది. బంగాళాదుంపలు తవ్వే పాత గుర్రాల డిగ్గర్ ఒకటి నాకు 850 డాలర్లకు అంటగట్టాడు. ట్రైలర్ అద్దె, ఒక శనివారం మొత్తం, ఇంట్లో నా పరువు అదనం. అమ్మకానికి పెట్టిన ఫోటో కింద ‘ఫీల్డ్ రెడీ’ అని, అంటే నేరుగా పొలంలోకి దించొచ్చని, తనే రాసుకున్నాడు.

ఎందుకు కొన్నావని అడగకండి, ఆ ప్రశ్న మా ఆవిడ వారం నుంచి అడుగుతూనే ఉంది. ఆరెకరాల నేల ఉంది. పక్క ఫామ్ ఆయన ఆమిష్, అంటే ఇంకా గుర్రాలతోనే సేద్యం చేసే క్రైస్తవుల్లో ఒకడు. ఆయన దగ్గర బరువులు లాగే బెల్జియన్ జాతి గుర్రాలున్నాయి, దుంపల్లో వాటా ఇస్తే తోలుతానన్నాడు. నాన్న చిత్తూరు నుంచి వచ్చి ఆర్నెల్లు ఉంటున్నారు. మడక దున్నిన మనిషి, ఇక్కడ టీవీ ముందు కూర్చోలేకపోతున్నారు. మొదట నాటే మిషన్ కొందామనుకున్నా. న్యూజెర్సీలో బేట్‌మన్ కంపెనీ చేసిన ఐరన్ ఏజ్ ప్లాంటర్ ఉంటుంది కదా, ముందు ఒకరు గుర్రాలు తోలుతుంటే వెనక సీట్లో ఇంకొకరు కూర్చుని దుంప ముక్క పడని గడిలో చేత్తో వేస్తుండాలి. ఆ వెనక సీటు నాన్నకేనని మనసులో రాసిపెట్టేశాను. అది దొరకలేదు, ఇది దొరికింది.

ఇది హూవర్ డిగ్గర్. ఒహాయోలోని ఏవరీలో చేసేవాళ్ళు, తర్వాత ఆ వ్యాపారాన్ని జాన్ డీర్ కొనేసింది. వాక్యూమ్ క్లీనర్ల హూవర్ కాదు, మా ఆవిడ మొదటి రోజే అడిగింది. ముందున్న పార దుంపల కిందుగా నేలలోకి దిగుతుంది. మట్టి, దుంపలు కలిసి ఇనుప కమ్మీల గొలుసు మీదికి ఎక్కుతాయి. నేల చక్రాలు తిరిగితే ఆ గొలుసు నడుస్తుంది, అదురుతుంది, మట్టి కమ్మీల సందుల్లోంచి రాలిపోతుంది, దుంపలు వెనక వరసగా పడతాయి. ఇంజిన్ లేదు, కరెంటు లేదు. శెనక్కాయ చెట్లు ఒక్కోటి చేత్తో పీకిన మా నాన్న దాన్ని చూసి, “ఉర్లగడ్డలకు ఇంత యోగమా” అన్నారు. నాకు అక్కడే మతి పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. నేను సీటు మీదికెక్కి ఫోటో దిగుతుంటే నాన్న ఒక గులకరాయి తీసుకుని ఇనుము మీద అక్కడక్కడ కొట్టడం మొదలుపెట్టారు, సంతలో కడవ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగ. గొలుసును నడిపే ఇరుసును రెండు పక్కలా రెండు పోత ఇనుప బ్రాకెట్లు మోస్తాయి. కుడిదాని మీద కొడితే ఖంగుమంది. ఎడమదాని మీద కొడితే దబ్‌మంది.

“ఇది పగిలిన కడవ మాదిరి మోగుతాంది రా.”

“బోల్టులు బిగించేశారు నాన్నా, అందుకే.”

“కుడి పక్కది బిగించలేదా?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. అందుకని ఏం చేశానో తెలుసా? నాన్న చేతిలోంచి రాయి తీసుకుని అవతల పారేశాను. పెద్దమనిషి చూస్తున్నాడు, ఏమనుకుంటాడోనని సిగ్గు. “ఇక్కడ అలా మోసాలు చెయ్యరు” అని కూడా అన్నాను. ఈ వాక్యం నా నుదుటి మీద పచ్చబొట్టు పొడిపించుకోవచ్చు.

పెద్దమనిషి మాత్రం ఎంత మంచివాడనీ! నాన్నకు కుర్చీ వేశాడు, నిమ్మరసం ఇచ్చాడు. తేలిక నేలకు రెండు గుర్రాలు చాలు, బరువు నేలయితే నాలుగు కట్టమని తనే చెప్పాడు. నొగకు కొత్త ఓక్ కర్ర వేసుకోమని కొలతలు కూడా చెప్పాడు. ఈ మాటలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి. నేను ట్రైలర్ మీద బెల్టులు బిగిస్తుంటే రసీదు రాసి మడిచి జేబులో పెట్టాడు.

ఇంటికి తెచ్చి మొదటి వారం నట్లన్నిటికీ నూనె పట్టించాను. ఈ రోజు గ్రైండర్‌కు తీగల బ్రష్ బిగించి ఎడమ బ్రాకెట్ మీద రంగు తీస్తున్నా. మాస్కు పెట్టుకున్నాను, పాత రంగుల్లో సీసం ఉంటుంది, మీరూ పెట్టుకోండి. రెండు నిమిషాలకు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఇనుముకు ఆ వాసన రాదు. ఆపి చూస్తే తెల్లటి పొడి. పుట్టీ! కారు సొట్టలకు పూసే సరుకు. దాన్ని గీకితే దాని కింద చీలిక, అటునుంచి ఇటు దాకా. చీలిక మీద ఎవరో మామూలు రాడ్డుతో వేసిన వెల్డింగ్, పిచ్చుక గూడు పెట్టినట్టు. పోత ఇనుముకు అలా వేస్తే ఆ పక్కనే గట్టిపడి మళ్ళీ పగులుతుంది, పగిలింది కూడా. అంటే పగిలింది, అతికారు, మళ్ళీ పగిలింది, ఈసారి పుట్టీ పెట్టి ఎర్ర రంగు కొట్టారు.

వెంటనే ఫోన్ చేశాను. అరవలేదు. ఎడమ బ్రాకెట్ పగిలి ఉంది, మీకు తెలుసా అని మాత్రమే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. నవ్వి అన్నాడు కదా, “దాన్ని నువ్వు నిజంగా నేలలోకి దించుతావని నాకేం తెలుసు? మీవాళ్ళు ఇంటి ముందు పెట్టుకుని ఫోటోలు దిగుతారు కదా.”

మీవాళ్ళు! నాలుగు గుర్రాలు కట్టమని చెప్పింది ఎవరికి మరి, ఫోటోలకా? ఆ మాటే అడిగాను. “రసీదు చదువుకో” అని పెట్టేశాడు. చదివాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘యాజ్ ఈజ్’. ఉన్నది ఉన్నట్టు అమ్మాడట, పుట్టీతో సహా. డబ్బు పోయినందుకు ఇంత మండలేదు. వాడి నవ్వు ఇంకా చెవిలో ఉంది.

ఊళ్ళో వెల్డింగ్ ఆయనకు ఫోటో పంపితే, పాత అతుకు మొత్తం కోసేసి, బాగా వేడి చేసి, నికెల్ రాడ్డుతో గానీ ఇత్తడితో గానీ అతికి, బూడిదలో పూడ్చి నెమ్మదిగా చల్లారనివ్వాలి, అయినా గ్యారంటీ ఇవ్వను అన్నాడు. ఇంకో బ్రాకెట్ వెతుక్కోవడమే మేలట. వెతుకుదామని భాగాల మీద పోత పోసిన నంబర్లు చూస్తే ఇంకో శుభవార్త: గొలుసు పళ్ళ చక్రాల్లో ఒకటి అసలు ఈ మిషన్‌దే కాదు. నంబరు వరసే వేరు.

నాన్న ఒక్క మాట అనలేదు. భోజనాల దగ్గర పెరుగు వేసుకుంటూ, “రాయి ఎక్కడ పారేసినావు?” అని మాత్రం అడిగారు.

కొనేవాళ్ళు ఒక మాగ్నెట్ జేబులో వేసుకుని వెళ్ళండి. నేను ఇప్పుడు మా ఫ్రిజ్ మీది వేంకటేశ్వరస్వామి మాగ్నెట్ తెచ్చి పెట్టి చూశాను. మిషన్ అంతా ఎక్కడ పెట్టినా అతుక్కున్నాడు, పుట్టీ మిగిలిన చోట జారి కిందపడ్డాడు. కొత్త రంగు వేసి ఉంటే అసలు కొనకండి, తుప్పుతో ఉన్నదే నయం. రసీదు డబ్బు ఇవ్వక ముందు చదవండి. అంతే, నిద్రొస్తోంది.

ఒక్క మాట మరిచాను. ఎవరి దగ్గరైనా, ఎవరి బార్న్ వెనకైనా, ఈ హూవర్‌కు ఎడమ పక్క బ్రాకెట్ ఉంటే చెప్పండి, వచ్చి డబ్బిచ్చి తీసుకెళ్తా. ఫోటో వద్దు. రాయితో కొట్టి, మోత వీడియో తీసి పంపండి. నాన్న విని చెప్తారు.