ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ షెడ్డులో వదిలేసి రాకండి: ఒరిజినల్ సామాను తీసేసుకుంటున్నారు

"ఫుల్ ఇంజన్ పని, సామానుతో సహా ఒకటే రేటు" అని వీడియోలు పెట్టే ఆ షెడ్డు ఏదో యమహా ఆర్‌ఎక్స్ బండ్లున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అక్కడ గానీ, అదే పద్ధతిలో నడిచే ఇంకో చోట గానీ ఇంజన్ ఇవ్వాలనుకుంటున్నవాళ్ళు ముందు ఇది చదవండి.

ఆ షెడ్డుకి వెళ్ళిన ఒక బండి సంగతి ఇది. ఏళ్ళ తరబడి గోడౌన్‌లో దుమ్ము పట్టిన 1989 బండి. ఇంజన్ పట్టేయలేదు, కిక్కు దిగుతోంది. బ్లాక్ (పిస్టన్ ఆడే సిలిండర్) ఒక్కసారి కూడా బోర్ పడనిది, అంటే అరిగిందని లోపల తొలిచి పెద్దది చేయనిది. కనెక్టింగ్ రాడ్డు లూజు, ఆయిల్ సీళ్ళు ఎండి గట్టిపడ్డాయి. దానికి కావాల్సింది రాడ్ కిట్, సీళ్ళు, క్రాంక్ (పిస్టన్ ఊపుకి తిరిగే ఇరుసు) బేరింగులు, రింగులు, గ్యాస్కెట్లు. అంతకుమించి ఏమీ లేదు. తిరిగొచ్చిన ఇంజన్‌కి పైన పెయింటు నిగనిగలాడుతోంది. ఐదంకెల బిల్లు మీద మాత్రం "ఇంజన్ పని" అని ఒకటే లైను. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ పోర్టులోంచి (పొగ బయటికొచ్చే కిటికీ) చూస్తే లోపల బ్లాక్ వేరేది. కార్బరేటర్ వేరేది. మేగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) కవర్ తీస్తే జపాన్ అచ్చున్న కాయిల్ ప్లేటు పోయి, ఏ అచ్చూ లేని కొత్త ప్లేటు వచ్చింది.

పాత సామాను ఇవ్వమని అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఆ తుప్పు ఇనుముతో నీకేం పని తమ్ముడూ? స్క్రాప్‌లో పోయింది. కొత్తది వేసిచ్చాం కదా, ఇంకేం కావాలి?"

స్క్రాప్‌లో పోలేదు. కొన్నాళ్ళకే అదే షెడ్డు నంబరుతో అమ్మకానికి కనబడింది. "ఒరిజినల్ బ్లాక్, నో బోర్, రేటులో బేరం లేదు." పైనుంచి మూడో ఫిన్ను (బ్లాక్ చల్లబడటానికి చుట్టూ ఉండే రెక్క) కుడి మూల విరిగి ఉంది. ఇంజన్ దించేముందు తీసిన ఫోటోలో కూడా అదే ఫిన్ను, అదే మూల, అదే విరుగు. ఫోన్ చేసి అడిగితే, "విరిగిన ఫిన్ను నీ ఒక్కడి బండికే ఉంటుందా? ఏం చేసుకుంటావో చేసుకో" అని పెట్టేశాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. పని సరిగ్గా రాని మెకానిక్‌ని క్షమించొచ్చు, నేర్చుకుంటాడు. నమ్మి చేతిలో పెట్టిన వస్తువును మార్చేసి, దాన్నే తుప్పు ఇనుమని తిట్టి, మళ్ళీ దాన్నే ఒరిజినల్ అని అమ్ముకునేవాణ్ణి ఏమనాలి?

ఈ మోసం ఆర్‌ఎక్స్‌కే ఎందుకు ఎక్కువంటే, ఈ బండి 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. మొదట్లో వచ్చిన వాటిలో చాలా సామాను జపాన్ నుంచే వచ్చేది. అది మళ్ళీ తయారవదు. అందుకే ఇప్పుడు బండి మొత్తం కంటే విడిభాగాలకే గిరాకీ. బోర్ పడని బ్లాక్ అంటే బంగారం. లెక్క చూడండి: స్టాండర్డ్ బోర్ (లోపలి వ్యాసం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ. పిస్టన్ సైజులు 0.25 చొప్పున 0.25, 0.50, 0.75, 1.00 వరకే దొరుకుతాయి. అంటే ఒక బ్లాక్ జీవితంలో నాలుగు బోర్లే. చివరి సైజుకి 98 సీసీ కాస్తా 102 అవుతుంది, ఆ తర్వాత స్లీవ్ (బ్లాక్ లోపలి ఇనప గొట్టం) మార్చాల్సిందే. బోర్ పడని బ్లాక్ పోయిందంటే ఆ నాలుగు ఛాన్సులూ పోయినట్టే.

బదులుగా వేసిన డూప్లికేట్ బ్లాక్‌తో వచ్చే కష్టాలు వేరు. పోర్టుల అంచులకు చాంఫర్ (పదును తీసిన వాలు) ఉండదు. టూ స్ట్రోక్‌లో రింగు ప్రతి స్ట్రోకులోనూ పోర్టు కిటికీ మీదుగా పోతుంది, పదునైన అంచు తగిలితే రింగు కొస విరిగి పిస్టన్‌నీ బ్లాక్‌నీ గీసి పారేస్తుంది. స్లీవ్ కిటికీకీ బయటి అల్యూమినియం పోర్టుకీ మధ్య మెట్టు ఉంటుంది, వేలు పెట్టి తడిమితే తెలిసిపోతుంది. బండి లాగదు, మైలేజీ రాదు, మెకానిక్ మాత్రం కార్బరేటర్ ట్యూనింగ్ అంటూ తిప్పుతుంటాడు. చవక పిస్టన్లలో సిలికాన్ తక్కువ, వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి. మంచి పిస్టన్‌కి సరిపోయే 0.04 మి.మీ. క్లియరెన్స్‌లో అవి పట్టేస్తాయి. పట్టెయ్యకుండా ఎక్కువ వదిలితే చల్లగా ఉన్నప్పుడు టకటక కొడతాయి.

బోర్ వేయించాలా వద్దా అన్నది షెడ్డువాడి మాట మీద తేల్చకండి. బ్లాక్ విప్పి లేత్ షాపుకి మీరే తీసుకెళ్ళండి. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలిపించండి. తేడా 0.05 లోపే ఉండి, గోరుకి తగిలే గీతలు లేకపోతే హోనింగ్ (రాయితో లోపల సన్నగా రుద్దడం) చేయించి కొత్త రింగులు వేస్తే చాలు. రింగును బ్లాక్‌లో పెట్టి పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజ్ పెడితే 0.20 నుంచి 0.30 వరకు రావాలి. బోర్ వేయిస్తే ముందు పిస్టన్ కొని, దాన్ని కొలిపించి, దానికి తగ్గట్టు బోర్ వేయించాలి. సైజు రాసి ఉంది కదా అని పిస్టన్ చూడకుండా బోర్ వేసేవాడి దగ్గర్నుంచి వచ్చేయండి. బోర్ అయ్యాక పోర్టుల చాంఫర్ మళ్ళీ కొట్టించాలి, చాలామంది ఇది వదిలేస్తారు. బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి, రింగు కొసలు పిస్టన్ గాడిలోని చిన్న పిన్ను దగ్గరే కూర్చోవాలి.

క్రాంక్ దగ్గర జరిగే దగా కంటికి కనబడదు, అందుకే ఎక్కువ ప్రమాదం. రాడ్ కిట్ అంటే రాడ్డు, పిన్ను, బిగ్ ఎండ్ బేరింగు, రెండు వాషర్లు. ప్రెస్ మీద క్రాంక్ విడదీసి, కిట్ మార్చి, మళ్ళీ కలిపాక డయల్ గేజ్ పెట్టి సరిచూడాలి. ఊగు 0.03 మి.మీ. దాటకూడదు. డయల్ గేజ్ లేని చోట క్రాంక్ పని చేయించకండి. వంకర క్రాంక్‌తో ఇంజన్ స్టార్ట్ అవుతుంది, బాగానే తిరుగుతుంది. కానీ 50 స్పీడు దాటగానే హ్యాండిల్, ఫుట్‌రెస్టులు వణుకుతాయి, కొన్ని నెలల్లోనే బేరింగులు, సీళ్ళు పోతాయి. బేరింగుల మీద సీ3 అని ఉండాలి. వేడికి బిగుసుకుపోకుండా లోపల కాస్త ఎక్కువ ఖాళీ ఉండే రకం అది. మామూలు బేరింగు వేస్తే డబ్బు మిగిలేది వాడికి, ఇంజన్ పోయేది మీది.

క్రాంక్ రెండు కొసల్లో ఉండే ఆయిల్ సీళ్ళ సంగతి తేల్చుకోకుండా బండి బయటికి తీయకండి. క్లచ్ వైపు సీలు పోతే ఇంజన్ గేర్ ఆయిల్ తాగేస్తుంది, తెల్ల పొగ ఆగదు, పోసిన 650 మి.లీ. నెలనెలా తగ్గిపోతుంటుంది. మేగ్నెట్ వైపు సీలు పోతే పొగ రాదు, అదే మోసం. గాలి దొంగదారిలో లోపలికొచ్చి మిక్చర్ పల్చబడి, ఐడిలింగ్ పైకీ కిందకీ ఆడుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగదు. ఆ స్థితిలో హైవే మీద లాగితే పిస్టన్ కరిగి పట్టేస్తుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. కార్బరేటర్, సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ పోర్టుకి పాత ట్యూబు రబ్బరు ముక్క, దానిమీద ఇనప పట్టీ వేసి బిగించండి. ప్లగ్గు బిగించే ఉంచండి. పిస్టన్ కిందికి దించి, కార్బరేటర్ కూర్చునే రబ్బరు మూతికి బిరడా పెట్టి, అందులోంచి ట్యూబు దూర్చి, బీపీ చూసే పాత మిషన్ బుడగతో గాలి కొట్టండి. గేజ్ మీద 260 దగ్గర ఆపితే అది దాదాపు 5 పీఎస్ఐ. ఐదారు నిమిషాలు ముల్లు కదలకుండా నిలబడాలి. దిగిపోతుంటే సబ్బు నీళ్ళు పూయండి, బుడగలు ఎక్కడొస్తే అక్కడే లీకు. మేగ్నెట్ వైపు చూడాలంటే మేగ్నెట్ తీసేయాలి. చక్రం రాకపోతే సుత్తితో కొట్టొద్దు, పుల్లర్ వాడండి. షెడ్డువాడు ఇంజన్ అప్పగించేటప్పుడు మీ ముందే ఈ పరీక్ష చేయమనండి. పని శుభ్రంగా చేసినవాడికి దానికి అభ్యంతరం ఉండదు.

కార్బరేటర్ ఒరిజినల్‌ది మికుని వీఎం20. డూప్లికేట్‌లో స్లైడ్ వదులుగా ఊగుతుంది, జెట్ల (పెట్రోల్ పోయే సన్న రంధ్రాల ముక్కలు) మీద నంబర్లు ఉండవు లేదా ఉన్న నంబరుకీ రంధ్రానికీ పొంతన ఉండదు. పాతది ఎంత మురికిగా ఉన్నా పారేయనివ్వకండి. విప్పి పెట్రోల్‌లో నానబెట్టి, పైలట్ జెట్‌లోకి సన్నటి రాగి తీగ పంపి, గాలి కొడితే చాలావరకు బతుకుతుంది. ఫ్లోట్ నీడిల్, గ్యాస్కెట్ మారిస్తే కొత్త డూప్లికేట్‌కి అయ్యే ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం క్రాంక్‌కేసు (క్రాంక్ కూర్చునే ఇంజన్ పెట్టె) మార్పిడి. ఇంజన్ నంబరు ఉండేది దాని మీదే. అది మారితే ఆర్‌సీలో ఉన్న నంబరూ బండి మీద నంబరూ కలవవు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది, అప్పుడు ఇన్‌స్పెక్టర్ పెన్సిల్ రుద్ది నంబరు తీస్తే బండి అక్కడే ఆగిపోతుంది. దొంగ బండి ఇంజన్ మీ ఫ్రేములో ఉందేమోనన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది మీరే, షెడ్డువాడు కాదు. నంబరు మీద కొత్తగా గ్రైండింగ్ చేసినట్టు, అంకెలు వంకరగా కొట్టినట్టు కనబడితే బండి బయటికి తేకుండా అక్కడే నిలదీయండి.

ఇవ్వకముందు చేయాల్సింది: బ్లాక్ కింది ఫిన్ను, కార్బరేటర్ బాడీ, కాయిల్ ప్లేటు అంచు, క్రాంక్ వెబ్ అంచు, వీటి మీద చిన్న పంచ్ చుక్క పెట్టి ఫోటో తీయండి. గ్యాస్కెట్ కూర్చునే చోట, బేరింగు కూర్చునే చోట పెట్టకండి. ఇంజన్ నంబరు వీడియోలో రావాలి. ఏ భాగం మారుస్తున్నారో, రేటెంతో విడివిడిగా రాయించుకోండి, "పాత సామాను మొత్తం వాపసు" అన్న మాట ఆ కాగితం మీదే ఉండాలి. అది రాయనన్నవాడికి ఇంజన్ ఇవ్వకండి. వీలైతే ఇంజన్ మొత్తం ఇవ్వనే వద్దు: క్రాంక్ ఒకచోట, బ్లాక్ ఒకచోట మీరే తిప్పుకుంటే ఖర్చూ తగ్గుతుంది. డబ్బు తక్కువుంటే ట్యాంకు పెయింటు, క్రోమ్, సీటు ఆపుకోండి. సీళ్ళు, బేరింగులు, రాడ్ కిట్ దగ్గర మాత్రం ఆపకండి.

బిగించాక ఆయిల్ పంపు పైపులో గాలి బుడగ ఉంటుంది, బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి పంపేయాలి. మొదటి ట్యాంకుకి పంపు ఉన్నా లీటరుకి 20 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) పెట్రోల్‌లో కలపండి. పంపు తీసేసిన బండైతే 40. మొదటి 500 కిలోమీటర్లు 50 దాటించకండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారాలకి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. బిల్లు, ఫోన్‌పే రసీదు, ముందు తీసిన ఫోటోలు జాగ్రత్త చేసుకోండి.

ఇంజన్ ఇప్పటికే ఆ షెడ్డులో ఉన్నవాళ్ళు ఇంకా ఆగకండి. ఇవాళే వెళ్ళి, విప్పిన సామాను మీ కళ్ళముందు పరిపించి ఒక్కోటీ ఫోటో తీసుకోండి. బ్లాక్, కార్బరేటర్, కాయిల్ ప్లేటు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేయండి, బిగించేరోజు మళ్ళీ తీసుకెళ్ళొచ్చు.