టెస్టోస్టెరాన్ మీద ఉంటూ బరువులెత్తడం: హన్మకొండ నుంచి కొన్నేళ్ల అనుభవం

నేను ట్రాన్స్ మ్యాన్‌ని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా మగవాడిగా బతుకుతున్నవాణ్ని. ఉండేది హన్మకొండలో. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ మొదలుపెట్టి ఏళ్లయింది, దాదాపు అప్పటి నుంచే బరువులూ ఎత్తుతున్నాను. మన వైపు కొత్తగా మొదలుపెట్టే తమ్ముళ్లు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఏ ఇంజెక్షన్ మంచిది, కండ ఎప్పుడొస్తుంది, రక్తం చిక్కబడుతుందట నిజమేనా అని. వాడి చూసినవాడిగా నాకు తెలిసింది చెబుతాను. ఎవరికి ఎంత డోసు అన్నది మాత్రం రాయను. అది మీ రిపోర్టులు చూసి ఎండోక్రైనాలజిస్టే (హార్మోన్ల డాక్టరే) తేల్చాలి.

నేను రెండు రకాల ఇంజెక్షన్లు వాడాను. మొదటిది సస్టానాన్, రెండు మూడు వారాలకోసారి వేసేది. నాలుగు రకాల టెస్టోస్టెరాన్‌ను పల్లి నూనెలో కలిపి చేస్తారు, కాబట్టి పల్లీలు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. ధర తక్కువ, చీటీ ఉంటే ఇక్కడే దొరుకుతుంది. కాకపోతే ఎక్కుదిగుళ్లు ఎక్కువ. వేసుకున్న కొత్తలో మంచి ఊపు, తర్వాతి ఇంజెక్షన్ దగ్గరపడే కొద్దీ నీరసం, చిరాకు. మొదటి వారం తేలిగ్గా లేచిన బారే చివరి వారం మొండికేసేది.

తర్వాత డాక్టరు రెండో రకానికి, టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్‌కు మార్చారు. ఆముదంలో కలిపిన మందు, 1000 మిల్లీగ్రాములు, 4 మిల్లీలీటర్లు. పిరుదు కండలోకి చాలా నెమ్మదిగా ఎక్కిస్తారు. మొదటి రెండింటి మధ్య 6 వారాలు, ఆ తర్వాత మామూలుగా 10 నుంచి 14 వారాలకోసారి. అరుదుగా నూనె బొట్లు ఊపిరితిత్తుల్లోకి చేరి దగ్గు, ఆయాసం వచ్చే ప్రమాదం ఉంది, అందుకే వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఖర్చు బాగానే అవుతుంది. అయినా నా ఓటు దీనికే. మూడు నెలల పాటు మనసు, నిద్ర, బలం నిలకడగా ఉంటాయి. ఇంజెక్షన్ వేసిన చోటు నొప్పి తగ్గేదాకా నేను స్క్వాట్లు పెట్టుకోను, భుజాల పని చేసుకుంటాను.

ఇక బరువుల సంగతి. కండ, బలం పెరగడం సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య కనిపించడం మొదలవుతుంది. పూర్తి మార్పుకు 2 నుంచి 5 ఏళ్లు పట్టవచ్చు. ఇందులో ఒక చిక్కుంది. కండ పెరిగినంత వేగంగా దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ గట్టిపడదు. ఎత్తగలం అనిపిస్తుంది, ఎత్తేస్తాం కూడా, కానీ మోచేయి, మోకాలు, భుజం అప్పటికి సిద్ధంగా ఉండవు. మా కోచ్ అన్న మొదట్లోనే గట్టిగా చెప్పాడు: "తమ్మీ, పానం బాగుందని ప్లేట్ వెయ్యకు. అదే బరువు మూడు నాలుగు వారాలు మంచిగ చెయ్యి, అప్పుడు చూద్దాం." ఆయన మాట పట్టుకునే ఇన్నేళ్లూ నడిచాను, భుజం పట్టేయలేదు, మోకాలు వాయలేదు. నా పద్ధతి మామూలుదే: వారానికి మూడు రోజులు, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్, రో, ఓవర్‌హెడ్ ప్రెస్ అనే బరువుల వ్యాయామాలు. మిగతా రోజుల్లో భద్రకాళి బండ్ మీద వేగంగా నడక. కండ చూసుకుని మురిసిపోయి నడక మానేయొద్దని అందరికీ బతిమాలి చెబుతున్నాను. టెస్టోస్టెరాన్ వల్ల మంచి కొలెస్ట్రాల్ తగ్గవచ్చు, బీపీ పెరగవచ్చు. గుండెకు నడకే అండ.

బైండర్ (ఛాతీ చదునుగా కనిపించేలా బిగించే బట్ట) వేసుకుని బరువులెత్తవద్దు. ఛాతీ పూర్తిగా విచ్చుకోదు, ఊపిరి అందదు, పక్కటెముకలు నొప్పెడతాయి. గట్టి స్పోర్ట్స్ బ్రా, దాని మీద వదులు టీషర్ట్ చాలు. జిమ్‌లో ఎవరైనా చూస్తారేమో అన్న టెన్షన్ నాకు బాగా తెలుసు. అందుకే తెల్లారుజామున జనం పలచగా ఉన్నప్పుడు వెళ్తాను, బట్టలు ఇంట్లోనే మార్చుకుంటాను.

అన్నిటికంటే ముఖ్యం రక్తపరీక్ష. టెస్టోస్టెరాన్ ఎర్రకణాలను పెంచుతుంది. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే అంకె రిపోర్టులో పీసీవీ లేదా హెమటోక్రిట్ అని ఉంటుంది, అది 54 శాతం దాటితే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు మందు తగ్గిస్తారు లేదా కొన్నాళ్లు ఆపుతారు. సిగరెట్ తాగినా, గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగుతున్నా ఈ అంకె ఇంకా పైకి పోతుంది. మన మే నెల ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గినా ఎక్కువగా చూపిస్తుంది. అందుకే ఎండాకాలం నేను సల్ల, అంబలి, నీళ్లు వదలను. పరీక్షకు ముందు రోజు బరువుల జోలికే పోను.

ల్యాబ్‌లో ఇంకో తలనొప్పి ఉంది. పేరు ఫిమేల్ కింద రాస్తే రిపోర్టు ఆడవాళ్ల కొలతలతో వస్తుంది. హిమోగ్లోబిన్ 16 ఉంటే ఎర్ర అక్షరాలతో ఎక్కువ అని చూపిస్తుంది, మగవాళ్ల లెక్కలో అది మామూలే. ఇంట్లోవాళ్లు ఆ ఎర్ర రంగు చూసి బెంబేలెత్తుతారు. హిమోగ్లోబిన్‌ను మగవాళ్ల కొలతతో చూడాలని డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. బలం కోసం జిమ్ వాళ్లు తాగే క్రియాటిన్ పొడి వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగి కనిపించవచ్చు, అనవసరంగా భయపెడతారు.

తిండి విషయంలో పెద్ద రహస్యమేమీ లేదు. కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ అని లెక్క పెట్టుకున్నాను. 60 కిలోల మనిషికి 96 గ్రాములు. ఒక్కో గుడ్డులో 6 గ్రాముల దాకా వస్తుంది. గుడ్లు, చికెన్, పెసర్లు, పెరుగు, జొన్న రొట్టెతో చాలావరకు వచ్చేస్తుంది. సర్వపిండి మాననక్కర్లేదు.

జిమ్‌లో "కోర్సు" పేరుతో దొంగచాటుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అమ్మేవాళ్లు ఎదురవుతారు. వాళ్ల దగ్గర చుక్క కూడా తీసుకోవద్దు. సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు. పైగా ఎక్కువైన టెస్టోస్టెరాన్‌లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. మనం వద్దనుకున్నదే మళ్లీ పెరుగుతుంది. ఇంకొకటి, నెలసరి ఆగిందంటే గర్భం రాదని కాదు. టెస్టోస్టెరాన్ గర్భనిరోధక మందు కానే కాదు. కడుపుతో ఉన్నవాళ్లు అసలు వాడకూడదు.

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షలు చేయించుకోవాలి. అన్‌డెకనోయేట్ మీద ఉన్నవాళ్లు టెస్టోస్టెరాన్ లెవెల్‌ను తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే చూపించుకోవాలి. నేను రక్తం ఇక్కడే ఇచ్చి, రిపోర్టులు పట్టుకుని కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయి, డాక్టరును కలిసి అదే రోజు ఇంజెక్షన్ వేయించుకుని వస్తాను. సెలవు ఒక్కటే పోతుంది, ఛార్జీలూ ఒక్కసారే.