ముసలి హిట్టర్‌ని చూడ్డానికి డెట్రాయిట్ వెళ్తే: ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి

డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు హిట్టర్ మిగెల్ కబ్రేరా చివరి సీజన్లలో, ఆ జట్టు స్టేడియం కొమెరికా పార్క్‌కి టికెట్ కొన్నవాళ్లకి పెద్ద తలనొప్పి వానా కాదు, పార్కింగూ కాదు. తీరా వెళ్తే ఆయన ఆ రోజు లైనప్‌లో (ఆ రోజు ఆడేవాళ్ల జాబితాలో) ఉండేవాడు కాదు. సీజన్‌కి 162 మ్యాచ్‌లుంటే 2022లో 112, 2023లో 98 మాత్రమే ఆడాడు. కెరీర్ చివర్లో ఉన్న ఏ ఆటగాడికైనా ఇదే లెక్క కాబట్టి, టికెట్ ఎప్పుడు కొనాలన్నదే మొదటి పాఠం.

రాత్రి మ్యాచ్ తర్వాత మర్నాడు మధ్యాహ్నమే ఇంకో మ్యాచ్ ఉంటే, మోకాళ్లు అరిగిన సీనియర్‌కి రెండోదాంట్లో విశ్రాంతి ఇవ్వడం మామూలు. అందుకే రాత్రిది ఎంచుకోండి. లైనప్ సాధారణంగా ఆటకి మూడు నాలుగు గంటల ముందు బయటికొస్తుంది. టికెట్లన్నీ ఫోన్లో బాల్‌పార్క్ యాప్‌లోనే కాబట్టి, మామూలు వారం రోజుల్లో పేరు చూసుకున్నాకే కొనొచ్చు. 2022లో టైగర్స్ 96 మ్యాచ్‌లు ఓడిపోయారు, సీట్లకి కొరతేముంటుంది? 2023 అక్టోబర్ 1న కబ్రేరా ఆడిన ఆఖరి మ్యాచ్ లాంటి వీడ్కోలు రోజు సంగతి వేరు, అది నెలల ముందే కొనుక్కోవాలి.

సీటు విషయంలో చాలామంది అభిమానంతో పొరపాటు చేస్తారు. టైగర్స్ డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) థర్డ్ బేస్ వైపు ఉంది కదా అని దాని పైనే ఖరీదైన సీటు తీసుకుంటారు. డగౌట్ కప్పు మీద కూర్చుంటే లోపల ఎవరున్నారో కనపడదు, పైగా సాయంత్రం ఎండ సూటిగా మొహం మీదే. చివరి ఏళ్లలో కబ్రేరా డెసిగ్నేటెడ్ హిటర్. ఫీల్డింగ్ లేదు, బ్యాటింగ్‌కి నాలుగుసార్లు వచ్చేవాడు, మిగతా రెండున్నర గంటలూ డగౌట్‌లోనే. ఫస్ట్ బేస్ వైపు కూర్చుంటే ఎదురుగా డగౌట్ కనపడుతుంది, నీడ త్వరగా వస్తుంది. కుడిచేతి వాటం బ్యాటర్ కాబట్టి ఛాతీ, చేతులు, మొహం మనవైపే ఉంటాయి.

ఏం చూడాలో కూడా అక్కడినుంచే తెలుస్తుంది. 2016లో కబ్రేరాది .316 బ్యాటింగ్ సగటు, 38 హోమ్ రన్లు (కంచె దాటిన కొట్లు). మరుసటి ఏడు .249, 16. వెన్నులో రెండు డిస్కులు జారాయని 2017లో తేలింది, 2018 జూన్‌లో స్వింగ్ చేస్తుండగానే ఎడమ చేతి కండరపు స్నాయువు తెగింది, ఆపైన కుడి మోకాలు. కుడిచేతి బ్యాటర్‌కి కుడి కాలే వెనక కాలు. బలమంతా అక్కడ పుట్టాలి. అది నెట్టలేకపోతే చేతులు మాత్రమే మిగులుతాయి. అందుకే కంచె దాటాల్సిన బంతులు రైట్ ఫీల్డ్‌లోకి నేలబారు సింగిల్స్ (ఒక్క బేస్ మాత్రమే దక్కే హిట్లు) అయ్యాయి. 2022 ఏప్రిల్ 23న ఇక్కడే కొట్టిన 3,000వ హిట్ కూడా అలాంటి రైట్ ఫీల్డ్ సింగిలే. సెంటర్ ఫీల్డ్‌లో 420 అడుగులున్న కంచెని 2023కి ముందు 412కి తెచ్చి, ఎత్తు కూడా తగ్గించారు. ఆయనకి కలిసిరాలేదు, ఆ ఏడంతా నాలుగే హోమ్ రన్లు. మైదానం పెద్దది కాబట్టి ముసలాయన కొట్టలేకపోయాడనే వాదన అక్కడితో పోయింది.

బస విషయానికొస్తే, నా ఓటు వాషింగ్టన్ బులవార్డ్ మీది బుక్ క్యాడిలాక్ హోటల్‌కి. 1924 నాటి భవనం, పార్క్‌కి పావుగంట నడక. 1939 మే 2న న్యూయార్క్ యాంకీస్ జట్టు దిగింది ఇక్కడే. ఆ సీజన్లో 28 సార్లు బ్యాట్ పట్టి నాలుగే హిట్లు కొట్టిన వాళ్ల ఆటగాడు లూ గెరిగ్, నన్ను పక్కన పెట్టమని మేనేజర్ జో మెకార్థీతో ఈ హోటల్లోనే చెప్పాడు. వరుసగా 2,130 మ్యాచ్‌లాడిన ఆయన పరంపర ఆగిన టైగర్స్ పాత స్టేడియం స్థలం మిషిగన్, ట్రంబుల్ వీధుల మూలన ఇప్పుడు పిల్లలు ఆడుకునే మైదానం. పాత జెండా కర్ర మాత్రం అలాగే ఉంది. హోటల్ నుంచి మైలు దూరం, నడిచి చూసి రావచ్చు. డబ్బు చూసుకుంటే షినోలా, ఫౌండేషన్ హోటళ్లూ, ఇదీ మూడూ ఖరీదే, మ్యాచ్ రోజు ఇంకా పెరుగుతాయి.

నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివారు ఊళ్లలో దిగితే గది చౌక, తెలుగు భోజనం పక్కనే, చుట్టాలుంటే ఇంకా మేలు. చిక్కల్లా తిరుగు ప్రయాణంలోనే: ఆట అవగానే ఉబర్ ధరలు ఎగబాకుతాయి. ట్రాయ్ వాళ్లకి వుడ్‌వర్డ్ రోడ్డు మీది ఫాస్ట్ బస్సు ఉంది. డౌన్‌టౌన్ చుట్టూ తిరిగే పీపుల్ మూవర్ రైలు, వుడ్‌వర్డ్ మీది క్యూలైన్ ట్రామ్ రెండూ ఉచితం, కానీ క్యూలైన్ కార్ల మధ్యే నడుస్తుంది కాబట్టి ఆట అయ్యాక నడకే ముందు చేరుస్తుంది. శాకాహారులు తినే వెళ్లండి. ఊరికి పేరు తెచ్చిన కోనీ అంటే పైన మాంసం కూర వేసిన హాట్‌డాగ్. ఏప్రిల్‌లో వెళ్తే కోటు తప్పనిసరి. 2021 మొదటి మ్యాచ్‌లో కబ్రేరా మంచు కురుస్తుండగా హోమ్ రన్ కొట్టి, బంతి కంచె దాటిందని తెలియక సెకండ్ బేస్‌లోకి స్లయిడ్ చేశాడు.

బ్యాటింగ్ ప్రాక్టీస్ చూడాలంటే మాత్రం డెట్రాయిట్ దండగ. సొంత జట్టు ముందు కొడుతుంది, గేట్లు తెరిచేసరికి చాలాసార్లు అయిపోతుంది. అతిథి జట్టు తర్వాత కొడుతుంది. అందుకే మన ఆటగాడి ప్రాక్టీస్‌కి అవతలి ఊరే మంచిది. డెట్రాయిట్ వాళ్లకి దగ్గర క్లీవ్‌లాండ్, సుమారు 170 మైళ్లు.

ఫ్లోరిడాలో లేక్‌లాండ్ ఇంకో దారి. టైగర్స్ 1934 నుంచి వసంతంలో అక్కడే సాధన చేస్తారు. స్టేడియం చిన్నది, మనుషులు దగ్గరగా కనపడతారు. సీనియర్లు వేరే ఊళ్లకి బస్సులో పోవడం తక్కువ కాబట్టి లేక్‌లాండ్ మ్యాచ్‌లకే టికెట్ తీసుకోండి, ఆట మొదలయ్యే లోపే సీట్లో ఉండండి. రెండు మూడుసార్లు బ్యాట్ పట్టాక, ఐదో ఇన్నింగ్స్‌కల్లా వాళ్లు వెళ్లిపోతారు.