తిరుపతిలో 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ కొనేవాళ్లు ఇది చదివి వెళ్లండి

అన్నలూ, తమ్ముళ్లూ, ఇంట్లో ఆంప్లిఫయర్లూ 3డీ ప్రింటర్లూ చేసుకునేవాళ్లకే ఇది. "12 వోల్టులు, 30 ఆంపియర్లు" అని స్టిక్కర్ వేసిన చిల్లుల రేకు డబ్బా ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) ఒకటి ఊళ్లోనే కొన్నా. షాపాయన మీటరు పెట్టి 12.1 చూపించాడు. ఆ రీడింగ్‌కి విలువే లేదు, లోడు లేనప్పుడు ఎంత చెత్త సప్లై అయినా 12 చూపిస్తుంది.

ఇంటికి తెచ్చి 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు ప్యారలల్‌గా, ఒకదాని తర్వాత ఒకటి కట్టాను (అన్నీ ఒకేసారి కట్టకండి, చల్లగా ఉన్న బల్బు మొదట చాలా కరెంటు లాగుతుంది, దానికి మంచి సప్లై కూడా ట్రిప్ అవ్వొచ్చు). ఒక్కోటి నాలుగున్నర ఆంపియర్లు అనుకోండి, రెండు కట్టేసరికే వోల్టేజ్ 9.6కి పడిపోయింది, మూడోది కట్టగానే టిక్కుటిక్కుమంటూ ఆగి ఆగి వెలిగింది. 30 ఇస్తానన్నది పదికే చేతులెత్తేసింది! వైర్లు సన్నగా ఉన్నాయేమో అన్నాడు షాపాయన, కానీ నేను కొలిచింది వైరు చివర కాదు, ఎస్‌ఎంపీఎస్ స్క్రూల మీదే.

అంతకంటే భయం పుట్టించింది ఎర్త్. ప్లగ్గు పీకేసి, ఎర్త్ స్క్రూకీ రేకు డబ్బాకీ మధ్య మీటరు బీప్‌లో (కనెక్షన్ ఉంటే మోగే సెట్టింగ్) పెడితే అసలు మోగలేదు. లోపల ఫేజు వైరు రేకుకి తగిలితే ఫ్యూజు పోదు, డబ్బా ముట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది. మూత తీసి చూద్దామనుకునేవాళ్లు జాగ్రత్త, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులు పైనే నిలిచి ఉండొచ్చు. నాదాంట్లో ఇన్‌పుట్ ఫిల్టర్ కాయిల్ (కరెంటు లైన్‌లో నాయిస్ ఆపేది) ఉండాల్సిన చోట ఉత్త తీగ ముక్కలు అతికించి ఉన్నాయి.

వెనక్కి తీసుకోమంటే "వోల్టేజ్ వస్తోంది కదా సార్" అంటాడు. బిల్లు మీద "ఎస్‌ఎంపీఎస్ - 1" అని తప్ప ఇంకేం లేదు, అందుకే గట్టిగా అడగడానికీ లేదు. మీరు వోల్టులూ ఆంపియర్లూ బిల్లు మీద రాయించుకోండి. పక్కన 115/230 స్విచ్ ఉంటే 230లో ఉందో లేదో చూశాకే ప్లగ్గు పెట్టండి, 115లో పెట్టి మన కరెంటు ఇస్తే ఢామ్మంటుంది.

పవర్ సప్లైలకి పేరున్న కంపెనీ మీన్ వెల్ వాళ్ల ఎల్‌ఆర్‌ఎస్-350-12 మీద కూడా 29 ఆంపియర్లనే రాసి ఉంటుంది, మరి అందులో సగం బరువు కూడా లేని డబ్బా 30 ఎలా ఇస్తుంది? రెండు మూడు హెడ్‌లైట్ బల్బులు, లావు వైర్లు సంచిలో వేసుకెళ్లి షాపులోనే కట్టి చూడండి. కట్టనివ్వకపోతే అక్కడ కొనకండి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా సరే, బల్బులు మాత్రం మర్చిపోకండి.