ఒట్టో రోజర్స్, ఆగ్నెస్ మార్టిన్: మైదానాన్నీ విశ్వాసాన్నీ ఎవరి దగ్గర నేర్చుకోవడం మేలు?

మా చిత్రకళ తరగతికి వచ్చేవాళ్లు ఏటా ఇదే అడుగుతారు. ప్రకృతి దృశ్యాలు చేతికి వచ్చాయి, ఇక నైరూప్యంలోకి, అంటే వస్తువుల ఆకారాలు గీయని చిత్రకళలోకి, వెళ్లాలని ఉంది. అందులో భక్తి ఉండాలి, దేవుడి బొమ్మ మాత్రం ఉండకూడదు. ఎవరి చిత్రాలు ఎదురుగా పెట్టుకోవాలి?

నేను రెండు పేర్లు చెబుతాను. ఇద్దరూ చిత్రకారులే, ఇద్దరూ కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో పడమటి భాగాన పుట్టినవాళ్లే. 1912లో మాక్లిన్‌లో ఆగ్నెస్ మార్టిన్, 1935లో కెరోబర్ట్‌లో ఒట్టో రోజర్స్. అది కొండన్నది కనిపించని గోధుమ నేల. తల ఎత్తితే అంతా ఆకాశమే.

మార్టిన్ చిన్నతనంలోనే ఆ ఊరు విడిచారు. చివరికి అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో స్థిరపడ్డారు. తన చిత్రాలను ప్రకృతి దృశ్యాలంటే ఒప్పుకునేవారు కారు. ఆరడుగుల చదరపు కాన్వాసు, పలుచటి రంగు, దాని మీద పెన్సిలుతో గీసిన గళ్లు లేదా అడ్డగీతలు, అంతే. ఏ మతంలోనూ చేరలేదు గాని, తావో, జెన్ అనే తూర్పు ఆసియా తత్వాల ఆలోచనలు ఆమెను బాగా పట్టుకున్నాయి. చెట్ల అమాయకత్వం గురించి ఆలోచిస్తుండగా మొదటి గళ్ల చిత్రం మనసులో మెదిలిందని ఆమే చెప్పారు. న్యూమెక్సికోలోనే టావోస్ అనే ఊళ్లోని హార్వుడ్ మ్యూజియంలో ఆమె చిత్రాలు ఏడింటి కోసమే ఎనిమిది గోడల గది ఉంది.

పోయిన వేసవిలో రెండడుగుల కాన్వాసు మీద స్కేలు పెట్టి నేనూ అలా గీసి చూశాను. పెన్సిలు మొన నూలుపోగు ఎక్కిన చోట గీత నల్లగా పడుతుంది, రెండు పోగుల సందులోకి దిగిన చోట తెగినట్టు అవుతుంది. స్కేలు ఎంత గట్టిగా అదిమినా ఆ వణుకు పోదు. నలభయ్యో గీతకు వచ్చాక ఊపిరి బిగబట్టి ఉన్నానని తెలిసింది. ఇది జపం లాంటి పని, అందులో సందేహం లేదు. కానీ పుస్తకంలోనో ఫోనులోనో చూస్తే ఆ వణుకు కనిపించదు, బూడిదరంగు కాగితమే మిగులుతుంది. అసలు చిత్రం చూసే వీలులేని విద్యార్థికి ఇది పెద్ద లోటు.

అయినా నేను రోజర్స్ వైపు మొగ్గడానికి కారణం అది కాదు. నింగీ నేలా కలిసే గీత. మార్టిన్ కాన్వాసులో అన్నీ గీతలే, కాబట్టి ఆ గీత ఏదో చెప్పలేం. రోజర్స్ దాన్ని వదులుకోలేదు. విశాలమైన రంగు పొరలు, వాటి నడుమ ఒక క్షితిజరేఖ, దాని మీద చెట్టును తలపించే గుండ్రటి నల్లటి ముద్ద. కొన్నిట్లో ఒక వృత్తమో చతురస్రమో తోడవుతుంది. ఏదైనా ఒక చిత్రం ముందు పెట్టుకుని ఆ చెట్టును బొటనవేలితో కప్పి చూడండి. ఆకాశం ఎంత పెద్దదో చెప్పే ఆధారం పోతుంది. వేలు తీస్తే మళ్లీ అంతా కొలతకు వస్తుంది. నాకు విశ్వాసం కనిపించేది అక్కడే.

ఆయన 1960లో బహాయీ మతం స్వీకరించారు. భిన్నత్వంలో ఏకత్వం ఆ మతానికి ప్రాణం. ఢిల్లీలోని వాళ్ల కమలాలయం మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు, లోపల విగ్రహం గానీ పటం గానీ ఉండదు. సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో 1988 దాకా దాదాపు ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పి, ఆ తరువాత ఇజ్రాయెల్‌లో హైఫాలోని బహాయీ ప్రపంచ కేంద్రంలో సేవ చేయడానికి వెళ్లిన మనిషి ఆయన. గోధుమ పొలాల నడుమ నైరూప్యం ఎలా వేళ్లూనిందంటారా, ఆ రాష్ట్రంలోనే ఎమ్మా సరస్సు ఒడ్డున అప్పట్లో జరిగిన చిత్రకళా శిబిరాలకు న్యూయార్క్ నుంచి నైరూప్య చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ 1959లో, విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ 1962లో వచ్చారు.

కెనడా చిత్రకారుడే అయిన విలియం కురెలెక్ గురించి కూడా అడుగుతుంటారు. అవే మైదానాలు, గాఢమైన కాథలిక్ విశ్వాసం, మత్తయి సువార్త ఆధారంగా 160 చిత్రాలు. కానీ ఆయనది రూపచిత్రణ. మన ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు దొరకదు.

చేతికి నిలకడ, మనసుకు మౌనం కావాలంటే మార్టిన్ దగ్గరికి వెళ్లండి, కాకపోతే రెండో ఏడాదిలో. మొదట రోజర్స్. ఈసారి తరగతిలో మొదటి వారం ఒకటే పని ఇచ్చాను: కాన్వాసు మీద ఒక గీత, ఒక చెట్టు. ఒకమ్మాయి గీతను కింది అంచుకు రెండు వేళ్ల ఎత్తున పెట్టింది. చెట్టు ఎక్కడ నిలపాలో తేలక మూడు రోజులుగా కాన్వాసు ముందు కూర్చుంటోంది. నేను తొందరపెట్టడం లేదు.